పేజీ ట్రాన్స్‌లేట్ కావట్లేదా? ఎప్పుడో నొక్కేసిన ఆ బటన్‌ని ముందు వెతకండి

నిన్నటిదాకా జర్మన్ పేజీయో జపనీస్ పేజీయో తెరవగానే అడ్రస్ బార్ దగ్గర చిన్న పెట్టె వచ్చి ట్రాన్స్‌లేట్ చేయమంటారా అని అడిగేది, ఇవాళ ఉలుకూ పలుకూ లేదు. వెంటనే బ్రౌజర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. నేనొకసారి ఆ పని చేశాను, అరగంట పోయింది తప్ప ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే అదే అకౌంట్‌తో లాగిన్ కాగానే సింక్ (సెట్టింగ్స్‌ని అకౌంట్‌లో దాచి ఉంచే ఏర్పాటు) నా పాత సెట్టింగ్స్ అన్నిటినీ మళ్లీ తెచ్చి పెట్టేసింది. తీరా చూస్తే, ఆ పెట్టె మాటిమాటికీ అడ్డొస్తోందని విసుక్కుని 'నెవర్ ట్రాన్స్‌లేట్' నొక్కింది నేనే.

ఆ నొక్కుడు రెండు రకాలు: ఒకటి భాష మొత్తానికీ వర్తిస్తుంది, రెండోది ఆ ఒక్క సైట్‌కే. క్రోమ్‌లో భాషది సరిచేయాలంటే మూడు చుక్కల మెనూలోంచి సెట్టింగ్స్‌కి, అందులో లాంగ్వేజెస్‌కి వెళ్లండి. గూగుల్ ట్రాన్స్‌లేట్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ట్రాన్స్‌లేట్ చేయమని ఎప్పుడూ అడగవద్దు అన్న జాబితాలో మీ భాష ఇరుక్కుని ఉంటే తీసేయండి. సైట్‌ది అయితే ఆ పేజీ మీదే తేలుతుంది. మూడు చుక్కలు నొక్కి ట్రాన్స్‌లేట్ ఎంచుకుంటే పెట్టె బలవంతంగానైనా వస్తుంది, దాని ఆప్షన్లలో 'నెవర్ ట్రాన్స్‌లేట్ దిస్ సైట్' పక్కన టిక్ ఉంటే ఎత్తేయండి. తెలుగులోకి కావాలంటే ఇంగ్లీషులోకి మారుస్తోందా? ఏ భాషలోకి మార్చాలో చెప్పే సెట్టింగ్ కూడా ఆ లాంగ్వేజెస్ పేజీలోనే ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా పెట్టె రాలేదంటే తప్పు పేజీది కావచ్చు. ప్రతి పేజీ కోడ్‌లోనూ మొదట్లోనే ఇది ఫలానా భాష అని చెప్పే చిన్న గుర్తు పెట్టడం ఆనవాయితీ, కానీ చాలామంది ఏదో టెంప్లేట్ తెచ్చుకుని అందులో ఇంగ్లీష్ అని ఉన్నదాన్ని అలాగే వదిలేస్తారు. బ్రౌజర్ ఆ గుర్తునీ చూస్తుంది, పేజీలోని అక్షరాలనీ చూస్తుంది, రాత మరీ తక్కువైతే తికమకపడుతుంది. కంట్రోల్, యు కలిపి నొక్కితే కోడ్ కనిపిస్తుంది, పై రెండు మూడు లైన్లలోనే lang అని ఆ గుర్తు ఉంటుంది. భాషను తప్పుగా పట్టుకుంటే పెట్టె ఆప్షన్లలోకి వెళ్లి అసలు భాష ఏదో మీరే చెప్పొచ్చు. (ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుని చూసి బ్రౌజర్ ఒక్కోసారి అది ఏ దేశపు భాషో అనుకుంటుంది. దానికి మందు లేదు, నవ్వుకుని పెట్టె మూసేయడమే.) కొన్ని సైట్లు మా రాతను ట్రాన్స్‌లేట్ చేయొద్దు అని కోడ్‌లోనే రాసి పెడతాయి, అప్పుడు సైట్‌వాళ్లు చెప్పిందే చెల్లుతుంది.

ట్రాన్స్‌లేట్ నొక్కితే గిరగిరా తిరిగి ఎర్రర్ చూపిస్తోందంటే, యాడ్‌లు ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) మీద నాకు మొదటి అనుమానం. క్రోమ్ పేజీలోని రాతను గూగుల్ సర్వర్‌కి పంపి మార్చి తెస్తుంది, ఆ దారిని ఎక్స్‌టెన్షనో ఆఫీసు నెట్‌వర్కో మూసేస్తే పని ఆగిపోతుంది. అదే పేజీని ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండోలో తెరవండి, అక్కడ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ పనిచేసిందంటే దొంగ దొరికినట్టే, ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపుతూ చూడండి. ఫైర్‌ఫాక్స్ తీరు వేరు. 2023లో 118వ వెర్షన్ నుంచి అది ట్రాన్స్‌లేషన్‌ని మీ కంప్యూటర్‌లోనే చేస్తోంది, దానికి భాష ఫైళ్లను దించుకోవాలి కాబట్టి మొదటిసారి కాస్త ఆలస్యమవుతుంది. మీ రాత బయటికి పోకూడదనుకుంటే నా ఓటు దానికే.

సగం మారి సగం మారకపోవడం అన్నిటికంటే చిరాకు. బొమ్మల్లో ఉన్న అక్షరాలు బ్రౌజర్‌కి అక్షరాలు కావు, అవి మారవు. వేరే సైట్ నుంచి తెచ్చి పేజీ మధ్యలో అతికించిన పెట్టెలు, పీడీఎఫ్‌లు కూడా ఎక్కువగా అలాగే మిగిలిపోతాయి.

ఇంకో రకం ఉంది, ట్రాన్స్‌లేట్ బాగానే అవుతుంది, తర్వాత ఏదో బటన్ నొక్కగానే పేజీ మొత్తం తెల్లగా అయిపోతుంది. మార్చేటప్పుడు క్రోమ్ అసలు రాతను తీసి, దాని చోట ఫాంట్ అనే ట్యాగ్‌లలో (కోడ్ గుర్తుల్లో) చుట్టిన కొత్త రాతను పెడుతుంది. రియాక్ట్ అనే కోడ్ సాధనంతో కట్టిన సైట్లు తాము పెట్టిన ముక్క పెట్టిన చోటే ఉందనుకుని దాన్ని తీయబోతాయి, అది అక్కడ ఉండదు, సైట్ కూలబడుతుంది. ఎఫ్12 నొక్కి, పేజీ తప్పులు కనిపించే కన్సోల్ చూస్తే 'రిమూవ్ చైల్డ్' అని ఎర్ర అక్షరాల్లో కనిపించేది ఈ గొడవే. మీరు చేయగలిగిందల్లా రీలోడ్ చేసి, ఒరిజినల్ భాషలోనే పని కానిచ్చి, చదవాల్సిన ముక్కను మాత్రం సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో ట్రాన్స్‌లేట్ చేసుకోవడం.

ఫారాలు నింపేటప్పుడైతే నేను ట్రాన్స్‌లేషన్‌ని ఆపేస్తాను. హోమ్ బటన్ 'ఇల్లు' అయితే నవ్వుకోవచ్చు గానీ, డ్రాప్‌డౌన్‌లో ఎంచుకున్న మాట, కోడ్ రాసినవాళ్లు దానికి విడిగా విలువ ఇవ్వకపోతే, తెలుగులోకి మారిన రూపంలోనే అవతలికి వెళ్తుంది, అక్కడి సిస్టమ్ అదేమిటో తెలియక తిప్పికొడుతుంది.

ఏదీ కుదరకపోతే పేజీ లింక్‌ని గూగుల్ ట్రాన్స్‌లేట్ సైట్‌లో వెబ్‌సైట్స్ అన్న చోట అతికించి చూడండి. లాగిన్ అయితే తప్ప తెరుచుకోని పేజీలకు మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే ఆ పేజీని తెచ్చేది గూగుల్ సర్వర్, దాని దగ్గర మీ లాగిన్ ఉండదు.