మిస్క్యూ అవుతోందా? కాస్ట్లీ చాక్ కొనేముందు టిప్ చూడండి

మొన్న ఆదివారం సాయంత్రం ఒక గుంటడు మా స్నూకర్ పార్లర్‌కి వచ్చాడు, డిగ్రీ సెకండియర్ ఉంటాడేమో, చేతిలో చిన్న డబ్బా, అందులో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న టావోమ్ కంపెనీ చాక్, అదే స్టిక్ కొనకి రాసేది, పైన కవరు కూడా పారెయ్యలేదు పాపం. "అన్నా, 2000 పైన పెట్టి కొనీసాను, అయినా మిస్క్యూ అయిపోతంది, డూప్లికేట్ గానీ పంపించీసారేటి?" అన్నాడు. మిస్క్యూ అంటే కొట్టేటప్పుడు స్టిక్ కొన బాల్ మీద జారిపోవడం. నేను చాక్ వైపు చూడనేలేదు, స్టిక్ ఇలా తే అన్నాను. టిప్ మీద, అదే స్టిక్ కొనన ఉండే తోలు బిళ్ళ మీద, బొటనవేలు పెట్టి రాస్తే గోళీ మీద రాసినట్టుంది. దాని మీద ఏ చాక్ నిలుస్తుంది, చేమాకు మీద నీళ్ళు పోసినట్టే.

విజయనగరంలో పదేళ్ళకి పైగా టిప్పులు మారుస్తున్నాను. పగలు వేరే పని, సాయంత్రమైతే పార్లర్ గుమ్మం పక్కన ఒక బల్ల, ఒక ఆకురాయి, నాలుగు బ్లేడ్లు. ఇదే కంప్లయింటు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, ప్రతివాడూ చాక్ మారుస్తాడు, ఒక్కడూ టిప్ చూడడు. అందుకే ఒకసారి రాసి పడేస్తున్నాను, ఇకమీదట ఎవడడిగినా ఇదే పంపిస్తాను. స్టిక్ పట్టుకోవడం, బ్రిడ్జి పెట్టడం లాంటివి మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు చెయ్యాల్సిన చెక్

అర నిమిషం పని. తడిబట్టతో టిప్ మీదున్న చాక్ మొత్తం తుడిచెయ్యండి. నీలం రంగు ఉన్నంతసేపు ఏ టిప్పయినా బాగానే కనపడుతుంది, మోసం అక్కడే. తుడిచాక టేబుల్ లైటు కింద పెట్టి ఇటూ అటూ వంచి చూడండి. తోలు మసగ్గా, కొంచెం నూగు లేచినట్టు ఉంటే మంచిదే. ఎక్కడైనా తళుక్కుమంటే టిప్ పాలిష్ అయిపోయిందన్నమాట. పక్కనుంచి చూస్తే పై వంపు ఇంచుమించు రూపాయి బిళ్ళ అంచులా ఉండాలి, స్నూకర్ స్టిక్‌కి సన్నటి టిప్ కాబట్టి ఇంకాస్త గుండ్రంగా ఉన్నా మంచిదే. పైన చదునుగా, అంచులు పుట్టగొడుగులా బయటికి పొంగి ఉంటే చాక్ గురించి ఇంక మాట్లాడుకోనక్కర్లేదు, ముందు దాన్ని సరిచెయ్యాలి.

సమస్య: సైడ్ కొట్టినా, స్క్రూ కొట్టినా మిస్క్యూ

సైడ్ అంటే వైట్ బాల్‌ని మధ్య నుంచి పక్కకి కొట్టడం, స్క్రూ అంటే కింద కొట్టి వెనక్కి రప్పించడం. జారడానికి చాలామందికి కారణం చాక్ రాసే పద్ధతే. చాక్ ముక్కని టిప్ మీద పెట్టి బొంగరంలా గిరగిరా తిప్పుతారు, కీచుకీచుమని సౌండు కూడా వస్తుంది, అదేదో స్టయిలనుకుంటారు. అలా తిప్పితే చాక్‌లో గొయ్యి పడుతుంది, ఆ గొయ్యి గోడలు టిప్ కింద ఉండే ఫెర్రూల్‌కి రాసుకుంటాయి, టిప్ పైభాగానికి మాత్రం సరిగా తగలదు. పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తారు చూడండి, అలా అంచు నుంచి అంచుకి మెల్లగా రాయాలి, రాశాక ఒకసారి కళ్ళతో చూడాలి. గొయ్యి పడిన ముక్కయితే దాని అంచుతో రాయండి, లేదా పారేసి కొత్తది తియ్యండి. పార్లర్‌లో టేబుల్ మీద పడుండే ముక్కలన్నీ గోతులే, ఆ ముక్క వల్ల వచ్చిన చిక్కుని తీసుకొచ్చి చాక్ కంపెనీ నెత్తిన రుద్దుతారు.

టిప్ మెరుస్తుంటే ఎమరీ పేపర్‌తో గానీ టిప్ టూల్‌తో గానీ మెల్లగా గరుకు చెయ్యండి. రుద్దకుండా తట్టినట్టు చేస్తే ఇంకా నయం, తోలు అరగదు. పుట్టగొడుగైతే అంచులు బ్లేడుతో చెక్కేసి పక్కల కొంచెం తడిచేసి గుడ్డతో రాస్తే గట్టిపడతాయి.

ఇంకోటి, బాల్ మీద ఎక్కడ కొడుతున్నారు అన్నది. చాలామంది నమ్మరు గానీ దీన్ని టెస్టు చెయ్యడం చాలా సులువు. పూల్ సెట్‌లో 9 నుంచి 15 దాకా చారల బాల్స్ ఉంటాయి కదా, ఒకటి తీసి చార అడ్డంగా ఉండేలా పెట్టి దాన్నే వైట్ అనుకుని కొట్టండి. చార వెడల్పు ఇంచుమించు బాల్ వెడల్పులో సగం ఉంటుంది, అంటే చార అంచు మధ్య నుంచి సగం వ్యాసార్థం దూరంలో ఉన్నట్టు. మిస్క్యూ లిమిటు కూడా దాదాపు అక్కడే. పూల్ బాల్ 57 మి.మీ., కాబట్టి మధ్య నుంచి 14 మి.మీ. దాకా, స్నూకర్ బాల్ 52.5 మి.మీ., దానికి 13 మి.మీ. దాకా. కొట్టాక బాల్ మీద నీలం మచ్చ ఎక్కడ పడిందో చూసుకోండి. చార అంచు దాటి పడితే మీరు కొట్టిందే తప్పు, దానికి ఏ దేశం చాక్ తెచ్చినా జారుతుంది. మా వాళ్ళలో సగం మంది "అంచు మీదే కొట్టానన్నా" అంటారు, మచ్చ చూస్తే అంచు దాటి అవతల ఉంటుంది.

నన్ను ముంచింది: కింద నుంచి ఎక్కిన జిగురు

ఇదొక్కటీ శ్రద్ధగా చదవండి, మిగతావి చదవకపోయినా పర్లేదు.

కొన్నేళ్ళ కిందట శ్రీకాకుళంలో ఒక చిన్న టోర్నమెంటు. దానికి రెండు నెలల ముందు నా స్టిక్‌కి కొత్త టిప్ వేసుకున్నాను, ఐదు రూపాయల గ్లూ ట్యూబు ఉంటుంది కదా, నీళ్ళలా కారేది, దాంతోనే అంటించాను, అందరికీ అలాగే అంటించేవాణ్ణి అప్పట్లో. దాదాపు రెండు నెలలు బ్రహ్మాండంగా ఆడింది. టోర్నమెంటుకి వారం ముందు మొదలైంది జారడం. మొదట నా చెయ్యి మీద అనుమానం, తర్వాత చాక్ మీద, ఎవరో చెప్పారని కాస్ట్లీ చాక్ ఒకటి తెప్పించాను. రెండ్రోజులు మిస్క్యూ లేదు! చూశావా డబ్బు మహిమ అని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, అంత డబ్బు పెట్టి కొన్న చాక్ కదా అని ప్రతి షాటుకీ ముందు పూజ చేసినట్టు శ్రద్ధగా రాసేవాణ్ణి, ఆ శ్రద్ధే పనిచేసింది, అదే శ్రద్ధ మామూలు ముక్క మీద పెట్టినా పనిచేసేది. శ్రీకాకుళంలో రెండో రౌండు, చివరి ఫ్రేము, పింకూ బ్లాకూ మిగిలాయి, పింక్ కోసం వైట్‌ని కొంచెం కింద కొట్టాను, టక్‌మని సౌండు, వైట్ ఎగిరి పక్క పాకెట్‌లో పడింది. తిరుగు బస్సులో నాతవలస టోల్‌గేటు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, పక్కవాడితో కూడా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి కోపంతో టిప్ కోసేస్తుంటే బ్లేడు జారిపోయింది. తోలు కొయ్యడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా, ఇది తోల్లా లేదు, ప్లాస్టిక్‌లా ఉంది. అప్పుడు తెలిసింది. ఆ పల్చటి గ్లూ ఉంది చూశారూ, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు టిప్ తోలు దాన్ని కింద నుంచి పైకి పీల్చేస్తుంది. పీల్చిన మేర తోలు గాజులా బిగుసుకుపోతుంది. కొత్త టిప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ బిగుసుకున్న పొర అడుగున ఉండిపోతుంది, పైన మంచి తోలే, ఆట బాగుంటుంది. ఆడుతూ, గరుకు చేస్తూ రెండు నెలలకి పై తోలు అరిగి సరిగ్గా ఆ పొర పైకి తేల్తుంది. గ్లూ వేసిన రోజు ఏ సమస్యా లేదు, సమస్య వచ్చిన రోజు గ్లూ ఎవడికీ గుర్తుండదు. అందుకే ఇది దొరకదు. అప్పటికి ఎంతమంది స్టిక్కులకి నేనే అలా అంటించానో తలుచుకుంటే సిగ్గేసింది, కొందరు ఇంకా "ఆ చాక్ బాలేదన్నా" అంటూ తిరుగుతున్నారు, నేను నోరు మూసుకుని ఫ్రీగా మార్చిచ్చాను.

గుర్తుపట్టేదెలా అంటే, మామూలుగా పాలిష్ అయిన టిప్‌ని గరుకు చేస్తే కొన్ని వారాలు నిలుస్తుంది, గ్లూ ఎక్కినదైతే ఒకటి రెండు ఫ్రేముల్లో మళ్ళీ మెరుపొచ్చేస్తుంది. ఎమరీ పెట్టినప్పుడు తోలైతే పీచులా లేస్తుంది, ఇది పిండిలా రాలుతుంది. సూది గుచ్చి చూడండి, తోల్లో కొంచెమైనా దిగుతుంది, ఇందులో దిగదు. బాల్ తగిలినప్పుడు సౌండు కూడా తేడా, తప్ అనాల్సింది టక్ అంటుంది. ఈ నాలుగింట్లో రెండు కనపడినా ఇంక ఆలోచించకండి.

ఫిక్స్ ఒక్కటే, టిప్ కోసెయ్యడం. బాగుచేసే మార్గం లేదు, నేను రకరకాలుగా చూశాను. కోశాక ఫెర్రూల్ పైన పాత గ్లూ పెచ్చులు పూర్తిగా గీకి చదును చెయ్యండి, వేలితో తడిమితే మిట్ట తగలకూడదు. టిప్ అడుగు కూడా చదునైన చోట ఎమరీ పెట్టి రుద్దండి. గ్లూ జెల్‌లా చిక్కగా ఉండే రకం తీసుకోండి, నీళ్ళలా కారేది వద్దు. వేసేది ఫెర్రూల్ మీద, టిప్ మీద కాదు, అదీ కందిగింజంత. టిప్ పెట్టి నొక్కి పట్టుకుని పక్కకి వచ్చింది తుడిచేసి రాత్రంతా వదిలెయ్యండి. అరగంటకే ఆడేద్దామని తొందరపడి ఊడగొట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకో బ్యాచి.

సమస్య: చాక్ మార్చినా స్క్రూ పెరగలేదు

పెరగదు. చాక్ స్క్రూ ఇవ్వదు, జారకుండా ఆపుతుంది అంతే. టిప్ బాల్‌ని జారకుండా పట్టుకుంటే చాలు, తర్వాత ఎంత స్పిన్ వస్తుందన్నది మీరు మధ్య నుంచి ఎంత కింద కొట్టారు, ఎంత స్పీడుగా కొట్టారు అన్నదాని మీదే ఉంటుంది. డజను డబ్బాలో వచ్చే ట్రయాంగిల్, మాస్టర్ లాంటి మామూలు చాక్ అయినా శుభ్రంగా రాస్తే ఆ పట్టు దొరుకుతుంది. కాముయి, టావోమ్, ప్రెడేటర్ లాంటి కాస్ట్లీ చాక్‌లన్నీ చేసేదీ అదే పని.

చాక్ అని పేరే గానీ ఇప్పటి చాక్ బళ్ళో సుద్దముక్క లాంటిది కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్ అనే బిలియర్డ్స్ ఆటగాడూ విలియం హాస్కిన్స్ అనే కెమిస్టూ కలిసి పేటెంటు తీసుకున్న దగ్గర్నుంచి ఇది గరుకు పొడి. సిలికా, అల్యూమినియం ఆక్సైడ్, పట్టి ఉంచడానికి ఒక బైండర్, రంగు. అల్యూమినియం ఆక్సైడ్ అంటే ఏదో అనుకునేరు, మన కురువిందమే, కత్తులు సానపట్టే రకం. ఆ రేణువులు తోలు పీచులో ఇరుక్కుని నిలబడితేనే బాల్‌ని పట్టుకోగలవు. తోలు గాజైపోతే ఎంత ఖరీదు రేణువైనా మొదటి దెబ్బకే రాలిపోతుంది.

సమస్య: సరిగ్గానే కొట్టినా కిక్ వస్తోంది

ఇక్కడ మాత్రం కాస్ట్లీ చాక్ పక్షాన మాట్లాడతాను. వైట్ వెళ్ళి రెడ్‌ని తాకే చోట సరిగ్గా చాక్ నలుసు ఉంటే రెండు బాల్సూ ఒక క్షణం అతుక్కున్నట్టయి వైట్ చిన్నగా ఎగురుతుంది, రెడ్ లావుగా, అంటే అనుకున్న కోణం కంటే తిన్నగా, వెళ్ళిపోతుంది. రాలేది, బాల్‌కి అంటేది తక్కువగా ఉండే చాక్ వాడితే ఇది తగ్గుతుంది, స్నూకర్ ప్రొఫెషనల్స్ చాలామంది ఫిన్లాండ్ వాళ్ళ టావోమ్‌కి మారింది ఇందుకే. కానీ వాళ్ళ టేబుల్ మీద మచ్చ కనపడితే రెఫరీ బాల్ తుడిచిస్తాడు. మన దగ్గర సిరిమాను పండగ రోజుల్లో పార్లర్ కిటకిటలాడుతుంది, బాల్ తుడిచే నాథుడుండడు, పకోడీ తిన్న చేతులు, పౌడర్ చేతులు అన్నీ దానికే. మీ ముందు ఆడిన పదిమంది చాక్ బాల్ మీదుండగా మీ ఒక్కడి చాక్ శుభ్రంగా ఉండి ఏం లాభం? గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం మైల్డ్ సబ్బు, మెత్తటి పొడిగుడ్డ, ఇవి ముందు. క్లాత్ కూడా బ్రష్ చెయ్యాలి, బాక్ (వైట్ పెట్టి ఆట మొదలెట్టే వైపు) నుంచి బ్లాక్ బాల్ వైపు, వెనక్కి కాదు. ఇవన్నీ చేసినా కిక్ వస్తుంటే, మీ టేబుల్ మీద మీరూ మీ నలుగురు ఫ్రెండ్సే ఆడుతుంటే, అప్పుడు అందరూ కలిసి మంచి చాక్‌కి మారండి, డబ్బుకి న్యాయం జరుగుతుంది.

సమస్య: చాక్ ముద్దలా అంటుతోంది, లేదా అసలు అంటట్లేదు

వానాకాలం చెమ్మ, అంతకంటే ఎక్కువ చెమట జేబు. ప్యాంటు జేబులో వేసుకుని తిరక్కండి, మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. ఉక్కపోతలో చేతికి పౌడర్ వేసుకుని అదే వేలితో టిప్ తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంది, అదీ మానెయ్యండి.

ఫెర్రూల్ పగలడం, జాయింటు లూజవడం, స్టిక్ వంకర పోవడం, ఇవి మిస్క్యూకి కారణమవ్వడం చాలా తక్కువ. ఊపితే గలగలమంటే జాయింటు బిగించండి, ఫెర్రూల్‌లో గీత కనపడితే తీసుకురండి, అంతకుమించి బుర్ర పాడుచేసుకోవద్దు.

మామూలు పార్లర్ ఆటకి ఆ 2000 పెట్టి నన్ను కొనమంటే ఒక మంచి లేయర్ టిప్ (తోలు పొరలు అతికించి చేసేది), ఒక టిప్ టూల్, ఒక డబ్బా మామూలు చాక్ కొంటాను, టీ డబ్బులు కూడా మిగుల్తాయి. ఆ గుంటడికీ అదే చెప్పాను. వాడి టిప్ కోస్తే అడుగున సగం దాకా గాజే, ఎవరంటించారని అడిగితే "నానేనన్నా, వీడియో చూసి" అన్నాడు. కొత్తది వేసిచ్చాను. ఇప్పుడు బాగానే ఆడుతున్నాడు, నిన్న వాడి టావోమ్ అడిగి పుచ్చుకుని నేనూ రెండు ఫ్రేములు ఆడాను, బాల్ మీద మచ్చలైతే తక్కువే పడ్డాయి. వెళ్ళేటప్పుడు దాన్ని టేబుల్ అంచు మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు, ఎవడో జేబులో వేసుకుంటాడని తీసి నా డ్రాయర్‌లో పెట్టాను, కనపడితే వచ్చి పట్టికెళ్ళమనండి.