భుజం నొప్పి ప్రశ్నావళిని స్పానిష్‌లోకి మార్చాక సరిచూసుకోవడం ఎలా

భుజం నొప్పినీ దానివల్ల పనుల్లో కలిగే ఇబ్బందినీ కొలిచే స్పాడీ (SPADI) అనే ఇంగ్లీషు ప్రశ్నావళిలో ఉండేవి 13 ప్రశ్నలే (నొప్పి మీద 5, పనుల్లో ఇబ్బంది మీద 8), అయినా స్పానిష్‌లోకి మార్చగానే వాడేయకండి. ముందు ఇద్దరు విడివిడిగా అనువదించాలి, ఆ రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ప్రశ్నలు చూడని వేరే ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. అర్థం ఎక్కడ జారిపోయిందో అప్పుడే దొరుకుతుంది.

ఏ దేశం రోగులకో ముందే తేల్చుకోండి. 'తీసుకోవడం' అనడానికి స్పెయిన్‌లో రోజూ వాడే 'కొహెర్' మెక్సికో, అర్జెంటీనాల్లో బూతు మాట, పై అరలోంచి వస్తువు తీసుకునేటప్పుడు నొప్పి ఎంత అనే ప్రశ్నలో అది పడితే పాపం రోగికి ఎంత ఇబ్బంది! అందుకే 30, 40 మంది రోగులతో నింపించి, ఒక్కో ప్రశ్న ఏమని అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం, తొందరపడకండి.

తర్వాత లెక్కలు. కనీసం 100 మంది ఉంటే మంచిది. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 నుంచి 0.95 మధ్య ఉండాలి, అంతకు మించితే అడిగిందే మళ్లీ అడుగుతున్నారేమో చూసుకోండి. భుజం పరిస్థితి మారని వాళ్లకే ఒకటి రెండు వారాల్లో మళ్లీ ఇవ్వండి, రెండుసార్ల స్కోర్లు ఎంత కలిశాయో చెప్పే ఐసీసీ (ICC) కనీసం 0.70 రావాలి. భుజం, చేయి ఇబ్బందులను కొలిచే మరో ప్రశ్నావళి డాష్ (DASH) స్కోరుతోనూ పోల్చండి, కానీ ఎంత సంబంధం కనిపించాలో లెక్క వేయకముందే రాసిపెట్టుకోండి.