క్రిప్టో పేమెంట్లలో ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య - కారణం - పరిష్కారం

వెబ్‌సైట్‌లో "క్రిప్టో కూడా తీసుకుంటాం" అని పెట్టడం అరగంట పని. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. నేను చిన్నాపెద్దా ఆన్‌లైన్ వ్యాపారాలకి ఈ సెటప్‌లు చేసిపెడుతుంటాను. వచ్చే ఫిర్యాదుల్లో సాఫ్ట్‌వేర్ నిజంగా చెడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ వ్యాపారం ఒక తీరుది, పెట్టుకున్న పద్ధతి ఇంకో తీరుది అవడం వల్ల వచ్చినవే. చిన్న చిన్న బిల్లులకి బిట్‌కాయిన్ మెయిన్ చైన్ (ప్రతి లావాదేవీకీ ఫీజు పడే అసలు నెట్‌వర్క్), రోజుకి వంద ఆర్డర్లకి ఒకటే వాలెట్ అడ్రస్ (కాయిన్లు పడే ఖాతా నంబర్ లాంటిది), లెక్కలు చూసే మనిషి లేనిచోట ఐదు రకాల కాయిన్లు, ఇలా. అందుకని సెట్టింగ్ మారిస్తే సరిపోతుందా, లేక పద్ధతే మార్చాలా అన్నది కూడా అక్కడక్కడా చెప్పాను. మీ సమస్య దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

సమస్య: డబ్బు పడింది, ఎవరు కట్టారో అర్థం కావట్లేదు

కారణం: అందరికీ ఒకే అడ్రస్ ఇచ్చారు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో లాగా పంపినవాళ్ల పేరు ఇక్కడ కనిపించదు. ఒకే ధర ఉన్న వస్తువుని ఇద్దరు గంట తేడాలో కొన్నారంటే ఇక జుట్టు పీక్కోవడమే. అప్పుడు అందరూ స్క్రీన్‌షాట్లు అడగడం మొదలుపెడతారు, స్క్రీన్‌షాట్ దిద్దడం ఎంతసేపు? పైగా అడ్రస్ ఒకటే అయితే మీ అమ్మకాలు ఎంతో మీ పోటీదారుడు కూడా కూర్చుని చూసుకోవచ్చు.

పరిష్కారం: బిల్లుకో కొత్త అడ్రస్. నెలకి రెండు మూడు పెద్ద బిల్లులే అయితే ఏ సర్వరూ అక్కర్లేదు, బిట్‌కాయిన్ వాలెట్‌లో "రిసీవ్" దగ్గర బిల్లుకో కొత్త అడ్రస్ తీసుకుని ఇన్‌వాయిస్‌లో పెట్టి పంపండి చాలు. ఆర్డర్లు అంతకన్నా ఎక్కువైతే రెండు దారులున్నాయి. ఒకటి, మీరే నడుపుకునే బీటీసీపే సర్వర్ లాంటిది. 2017లో ఒక పేమెంట్ కంపెనీ తీరు నచ్చక నికొలా డోరియే అనే డెవలపర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది, కమీషన్ ఉండదు, కానీ సర్వర్ బాధ్యత మొత్తం మీదే. రెండోది, మీ తరఫున పేమెంట్లు తీసుకునే గేట్‌వే కంపెనీ. మామూలుగా 1 శాతం అటూ ఇటూ తీసుకుని తంటాలన్నీ వాళ్లే పడతారు. సర్వర్ అప్‌డేట్ చేయడానికి మనిషి లేని వ్యాపారానికి ఆ 1 శాతం దండగ కాదని నా అభిప్రాయం.

సమస్య: కస్టమర్ కట్టానంటున్నాడు, మన దగ్గర కనిపించట్లేదు

ముందు ట్రాన్సాక్షన్ ఐడీ అడగండి. అది తీసుకెళ్లి బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలన్నీ ఎవరైనా చూసుకోగల సైట్) వేస్తే మూడింట్లో ఒకటి తేలుతుంది.

అసలు దొరకలేదా, చాలావరకు పేమెంట్ ఇంకా బయల్దేరలేదు. కస్టమర్ ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే సైట్) నుంచి పంపుంటాడు, వాళ్లు పరిశీలన అనో, అందరివీ కలిపి ఒకేసారి పంపుతామనో ఆపి ఉంచుతారు. మీరు చేసేదేం లేదు, ఆగడమే.

దొరికింది కానీ "అన్‌కన్ఫర్మ్డ్" అని ఉందా, చాలావరకు ఫీజు తక్కువ పెట్టి పంపుంటాడు. బిట్‌కాయిన్‌లో బ్లాక్‌కి (లావాదేవీల ఒక కట్ట) 10 నిమిషాలు అన్నది సగటు మాత్రమే, ఒక్కోసారి గంట పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు, నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు తక్కువ ఫీజువి రోజుల తరబడి పడుంటాయి. చాలా నోడ్లలో (నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు) 336 గంటలు, అంటే 14 రోజులు దాటితే వాటిని తీసి పక్కన పడేస్తారు. కస్టమర్ తన వాలెట్ నుంచే ఫీజు పెంచి మళ్లీ పంపొచ్చు. అతనికి చేతకాకపోతే, వాలెట్ మీ చేతిలోనే ఉంటే, ఆ రావాల్సిన సొమ్మునే మీరు ఎక్కువ ఫీజుతో మీ ఇంకో అడ్రస్‌కి పంపుకోండి, ఈ కొత్తది ఆ ఆగిపోయినదాన్ని కూడా తనతో లాక్కెళ్తుంది. అంతవరకూ సరుకు మాత్రం పంపొద్దు. "నెట్‌వర్క్‌లో కనిపించిందిగా, వచ్చేస్తుందిలే" అనుకునే రోజులు పోయాయి. నోడ్లు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ 28వ వెర్షన్ నుంచి, కన్ఫర్మ్ కాని ఏ లావాదేవీనైనా ఎక్కువ ఫీజుతో మార్చేయడానికి నోడ్లు మామూలుగానే ఒప్పుకుంటున్నాయి. మార్చేటప్పుడు పంపినవాడు డబ్బుని తనకే తిప్పుకోవచ్చు కూడా. మామూలు బిల్లుకి 1 కన్ఫర్మేషన్ (లావాదేవీ ఒక బ్లాక్‌లో చేరడం; దాని మీద బ్లాక్ పడేకొద్దీ ఒకటి పెరుగుతుంది), పెద్ద మొత్తానికి పాత ఆనవాయితీ ప్రకారం 6, అంటే సుమారు గంట.

మూడోది, కన్ఫర్మ్ అయింది కానీ వేరే నెట్‌వర్క్‌లో. ఇది యూఎస్‌డీటీతోనే (డాలర్ విలువకి కట్టిన కాయిన్) ఎక్కువ. పేరు ఒకటే అయినా ట్రాన్ మీద ఒకటి, ఇథీరియమ్ మీద ఒకటి, ఇంకా చాలా ఉన్నాయి. ట్రాన్ అడ్రస్ టీ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఇథీరియమ్‌తో కలగలిసే ప్రమాదం తక్కువ. చిక్కంతా ఇథీరియమ్, బీఎన్‌బీ చైన్, పాలిగాన్ లాంటి వాటితోనే, మూడింటికీ అడ్రస్ రూపం ఒకటే, కాబట్టి తప్పు నెట్‌వర్క్‌లో పంపినా వాలెట్ అడ్డు చెప్పదు. ఆ అడ్రస్ తాళం మీ దగ్గరే ఉంటే కంగారేం లేదు, అదే వాలెట్‌లో ఆ నెట్‌వర్క్ జోడించి చూడండి, డబ్బు అక్కడే ఉంటుంది. గేట్‌వే వాళ్లదైతే వాళ్ల దయ. మళ్లీ రాకుండా ఉండాలంటే చెక్అవుట్ పేజీలో అడ్రస్ కన్నా ముందు నెట్‌వర్క్ పేరు పెద్దగా పెట్టండి, ఐదారు నెట్‌వర్క్‌ల జాబితా కాకుండా ఒకటో రెండో ఉంచండి. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ తీసుకుంటుంటే ట్యాగ్ లేదా మెమో (డబ్బు ఎవరి లెక్కలోదో చెప్పే గుర్తు) మర్చిపోయారేమో కూడా చూడాలి.

సమస్య: సర్వర్ "సెటిల్డ్" అంటోంది, వాలెట్ తెరిస్తే సున్నా

ఇదొకటి నాకు చుక్కలు చూపించింది. ఒక షాపు ఓనర్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, "అన్నా, మొత్తం ఊడ్చేశారు" అని. నేను కూడా హ్యాక్ అనే అనుకున్నాను, కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే డబ్బు పడిన అడ్రసుల్లో అలాగే ఉంది, ఒక్క సతోషీ (బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్క) కదల్లేదు. మరి వాలెట్‌కి ఎందుకు కనబడదు?

కారణం గ్యాప్ లిమిట్. వాలెట్ తన అడ్రసుల్ని వరసగా చూసుకుంటూ పోతుంది, వరసగా 20 ఖాళీ అడ్రసులు తగిలితే "ఇక ముందేమీ లేదు" అనుకుని ఆగిపోతుంది. ఈ షాపులో ఏం జరిగిందంటే, చెక్అవుట్ పేజీ తెరిచి కట్టకుండా వెళ్లిపోయినవాళ్లు చాలామంది, తెరిచిన ప్రతిసారీ సర్వర్ ఒక కొత్త అడ్రస్ ఖర్చుపెట్టింది, అలా ముప్ఫై నలభై ఖాళీవి వరసగా వచ్చి, ఆ తర్వాత అడ్రస్‌లో నిజమైన పేమెంట్ పడింది. వాలెట్ అక్కడిదాకా వెళ్లనేలేదు.

పరిష్కారం: ఎలక్ట్రమ్, స్పారో లాంటి గ్యాప్ లిమిట్ మార్చనిచ్చే వాలెట్ వాడి, దాన్ని 20 నుంచి 200కో 500కో పెంచి రీస్కాన్ చేయండి. పది నిమిషాల్లో అతని డబ్బు మొత్తం కనబడింది. అలాగే కస్టమర్ "క్రిప్టోతో కడతాను" అని నొక్కాకే ఇన్‌వాయిస్ తయారయ్యేలా పెట్టండి, పేజీ తెరవగానే కాకుండా.

సమస్య: బిల్లు కన్నా కొంచెం తక్కువ వచ్చింది, ఆర్డర్ ఇరుక్కుపోయింది

మీరు 0.00100000 బిట్‌కాయిన్ అడిగారు, 0.00098000 వచ్చింది. మోసం అనుకోకండి, చాలావరకు ఎక్స్ఛేంజ్ తన విత్‌డ్రాయల్ ఫీజుని పంపే మొత్తంలోంచే కోసుకుంటుంది, కస్టమర్‌కి ఆ సంగతి తెలీదు. రెండో కారణం ఆలస్యం. ఇన్‌వాయిస్ రేటు మామూలుగా 15 నిమిషాలే నిలుస్తుంది, అది ముగిశాక పంపితే మొత్తం సరిగ్గానే ఉన్నా "ఎక్స్‌పైర్డ్" అని పడుతుంది.

టాలరెన్స్ (ఎంత తక్కువ వచ్చినా సరిపెట్టుకోవాలి) అనే సెట్టింగ్ ఉంటుంది, 1 లేదా 2 శాతం పెట్టండి. ఆ కొసరు కోసం కస్టమర్‌తో నాలుగు మెయిళ్లు నడపడం కన్నా వదిలేయడం చవక. అంతకన్నా తక్కువైతే మిగతాది అదే ఇన్‌వాయిస్‌కి కట్టించుకోండి. ఆలస్యంగా వచ్చినవాటికి ఏ రేటు లెక్కన చూస్తారో ముందే పేజీలో రాసి పెట్టండి, లేకపోతే రేటు పడినప్పుడు ఒక మాట, పెరిగినప్పుడు ఒక మాట అవుతుంది.

సమస్య: వస్తువు ధర కన్నా ఫీజు ఎక్కువ అంటున్నారు

ఇది సెట్టింగ్‌తో పోయేది కాదు, పద్ధతి మార్చాల్సిందే. 2017 డిసెంబర్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్ బిట్‌కాయిన్ తీసుకోవడం ఆపేసింది, మొదలుపెట్టినప్పుడు 20 సెంట్లు ఉన్న నెట్‌వర్క్ ఫీజు 20 డాలర్ల దగ్గరికి వెళ్లిందని చెప్పింది. స్ట్రైప్ కూడా 2018లో ఆపేసింది. అంతటివాళ్లకే గిట్టలేదు. చిన్న పేమెంట్లు మీకూ నష్టమే, అది ఆలస్యంగా తెలుస్తుంది: వచ్చిన ఒక్కో ముక్కని మళ్లీ ఖర్చుపెట్టాలంటే దాదాపు 68 వర్చువల్ బైట్ల ఫీజు, బైట్‌కి 50 సతోషీల రద్దీలో ముక్కకి 3,400 సతోషీలు. వెయ్యి సతోషీల ముక్కలు వంద పోగేశారంటే అవి ఉన్నా లేనట్టే.

చిన్న బిల్లులకి లైట్నింగ్ (మెయిన్ చైన్ మీద నడిచే బిట్‌కాయిన్ పేమెంట్ నెట్‌వర్క్) పెట్టుకోండి, సెకన్లలో అయిపోతుంది, ఫీజు నామమాత్రం.

సమస్య: లైట్నింగ్ పెట్టాను, అయినా పేమెంట్లు ఫెయిల్

ఎదుటివాడి తప్పని అందరూ అనుకుంటారు. మీరు సొంతంగా ఛానెల్ (ఇంకో నోడ్‌తో డబ్బు అటూ ఇటూ జరుపుకునే దారి) తెరిస్తే డబ్బంతా మీ వైపే ఉంటుంది, అవతలి వైపు ఖాళీ. లైట్నింగ్‌లో డబ్బు రావడమంటే అవతలి వైపున్నది ఇవతలికి జరగడం, అక్కడ ఏమీ లేకపోతే ఏం జరుగుతుంది? ఇన్‌బౌండ్ లిక్విడిటీ లేదంటే ఇదే. ఆ ఛానెల్ ద్వారా కొంత ఖర్చుపెట్టండి, లేదా స్వాప్ సర్వీస్‌తో కొంత మెయిన్ చైన్‌కి తీసుకోండి, లేదా ఇన్‌బౌండ్ ఛానెల్ కొనుక్కోండి. ఇదంతా మనవల్ల కాదనుకుంటే ఫీనిక్స్ లాంటి వాలెట్ ఛానెళ్ల పని తనే చూసుకుంటుంది, ఫీజు తీసుకుంటుంది. ఇంకో సంగతి, మీ నోడ్ ఆఫ్‌లో ఉంటే పేమెంట్ రాదు. రాత్రిపూట కంప్యూటర్ ఆపేసే అలవాటుంటే లైట్నింగ్ నోడ్ మీకు సరిపడదు.

సమస్య: యూఎస్‌డీటీ కళ్ల ముందే ఉంది, పంపబోతే పోవట్లేదు

కారణం గ్యాస్, అంటే నెట్‌వర్క్‌కి కట్టే ఫీజు. ఇథీరియమ్ మీదున్నదాన్ని కదపాలంటే ఆ అడ్రస్‌లోనే కొంచెం ఈథర్ ఉండాలి, ట్రాన్ మీదైతే టీఆర్ఎక్స్. బిల్లుకో అడ్రస్ పద్ధతిలో ప్రతి అడ్రస్‌కీ గ్యాస్ పోయాలి, అందుకే స్టేబుల్‌కాయిన్లు (యూఎస్‌డీటీ లాంటి, డాలర్ విలువకి కట్టినవి) ఎక్కువగా తీసుకునేవాళ్లు ఆ పనిని గేట్‌వేకి వదిలేయడం మంచిది. గ్యాస్ ఉన్నా పోవట్లేదంటే అది నకిలీ టోకెన్ కావొచ్చు. యూఎస్‌డీటీ అని పేరు పెట్టి టోకెన్ ఎవరైనా తయారు చేయొచ్చు, చూడాల్సింది కాంట్రాక్ట్ అడ్రస్, అంటే ఆ టోకెన్‌ని తయారుచేసిన ప్రోగ్రామ్ అడ్రస్.

సమస్య: అమ్మకాలు బాగున్నాయి, నెలాఖరుకి లాభం కనబడట్లేదు

సరుకు కొన్నది మామూలు కరెన్సీలో, అమ్మింది బిట్‌కాయిన్‌లో, మధ్యలో రేటు పడింది. కాయిన్ దాచుకోవాలన్న ఉద్దేశం ఉంటే దాచుకోండి, అది వేరే నిర్ణయం. పొరపాటున దాచుకోవద్దు. వచ్చిన వెంటనే మార్చేసే గేట్‌వే తీసుకోండి, లేదా మార్జిన్‌కి సరిపడా కొంత ఉంచి మిగతాది మార్చండి. స్టేబుల్‌కాయిన్ కూడా రాయిలా ఉండేదేం కాదు: 2022 మేలో టెర్రా యూఎస్‌డీ పూర్తిగా కూలింది, 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మునిగినప్పుడు యూఎస్‌డీసీ కొన్ని రోజులపాటు డాలర్ కన్నా కింద ఉంది, ఒక దశలో 90 సెంట్ల కిందికి కూడా వెళ్లొచ్చింది. ఏదైనా సరే, ఎక్స్ఛేంజ్‌లో నెలల తరబడి నిల్వ ఉంచకండి. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ దివాలా తీసినప్పుడు అలా ఉంచినవాళ్లంతా క్యూలో నిలబడ్డారు.

పన్ను లెక్క కోసం పేమెంట్ అందిన నిమిషంలో రేటు ఎంతో, ట్రాన్సాక్షన్ ఐడీతో సహా రాసుకోండి. తర్వాత వెతుక్కోవడం నరకం.

సమస్య: రిఫండ్ పంపాను, కస్టమర్ రాలేదంటున్నాడు

వచ్చిన అడ్రస్‌కే తిప్పి పంపారు కదా? అతను ఎక్స్ఛేంజ్ నుంచి కట్టుంటే అది ఎక్స్ఛేంజ్ ఉమ్మడి అడ్రస్, డబ్బు ఎవరి ఖాతాలోనూ చేరదు. రిఫండ్ అడ్రస్ విడిగా రాయించుకోండి. కాయిన్ లెక్కన ఇస్తారా, కొన్నరోజు ధర లెక్కన ఇస్తారా అన్నది కూడా అమ్మేముందే చెప్పాలి.

సమస్య: కస్టమర్లు కట్టామంటున్నారు, ఎక్స్‌ప్లోరర్‌లోనూ కన్ఫర్మ్డ్, నెట్‌వర్క్ కూడా సరైనదే

ఒకళ్లిద్దరికైతే వెబ్‌హుక్ (పేమెంట్ అందిందని గేట్‌వే మీ సైట్‌కి పంపే నోటీసు) అందలేదేమో చూడండి, సైట్ సర్టిఫికెట్ గడువు తీరినా, ఫైర్‌వాల్ అడ్డుకున్నా ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది, డబ్బు మాత్రం వచ్చేసుంటుంది. మళ్లీ పంపమని గేట్‌వేలో ఒక బటన్ ఉంటుంది. అదే నోటీసు రెండుసార్లు వస్తే సరుకు రెండుసార్లు పోకుండా చూసుకోండి.

ఉన్నట్టుండి అందరికీ ఇలాగే అయి, వాలెట్‌లో గ్యాప్ లిమిట్ పెంచినా ఏమీ కనబడకపోతే ముందు చెక్అవుట్ ఆపేయండి. ఎవరో సర్వర్‌లోకి దూరి సర్వర్ అడ్రసులు తయారుచేసే మీ పబ్లిక్ కీ స్థానంలో తమది పెట్టుంటారు. కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ కోడ్ అయితే దాని మీద ఇంకో స్టిక్కర్ ఉందేమో గోరుతో గీకి చూడండి. సైట్‌లో ఒక టెస్ట్ ఇన్‌వాయిస్ తీసి, అందులోని అడ్రస్ మీ హార్డ్‌వేర్ వాలెట్ స్క్రీన్ మీద కూడా వస్తోందో లేదో మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోల్చండి. మొదటి నాలుగూ చివరి నాలుగూ కలిశాయని వదిలేయొద్దు, అచ్చం అలా కనిపించే అడ్రసులు తయారుచేసే ప్రోగ్రాములు ఉన్నాయి. అడ్రస్ కలవకపోతే పాస్‌వర్డ్‌లు మార్చి, సర్వర్ కొత్తగా ఎక్కించి, ఇంకోసారి ఇలాగే పోల్చాకే చెక్అవుట్ తెరవండి.