క్యాడ్ పనిని విండోస్ దాటించేవాళ్ళకు: అక్టోబరు రాకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఒడిశా వైపు పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూరు, రాయగడల్లో క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ మీద, ఇళ్ళ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసుల్లో ఇప్పుడు ఎవరిని కదిపినా ఇదే టెన్షన్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం నమోదు చేసుకున్నా, ఆ గడువు 2026 అక్టోబరు 13 దాకానే. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మన టేబుళ్ళ మీద ఉన్నవాటిలో చాలావాటికి ఆ అర్హత లేదు. అందుకే కొందరు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుందామంటున్నారు, కొందరు వాయిదాల మీద మ్యాక్ కొన్నారు. రెండూ మంచి దారులే. కాకపోతే వెళ్ళే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట సమయం సంగతి. మన ప్రాంతానికి అక్టోబరు తుపాన్ల నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. సగం మార్చిన సిస్టమ్, సగం కాపీ అయిన ఫైళ్ళతో అలాంటి వారంలో ఇరుక్కుంటే అడిగేవాళ్ళకు చెప్పడానికి జవాబు ఉండదు. ఆషాఢంలో శంకుస్థాపనలు తక్కువ, చేతిలో కాస్త ఖాళీ ఉంటుంది. మార్పు పని అప్పుడు మొదలుపెట్టి, శ్రావణం మధ్యకల్లా పరీక్షలు కూడా ముగించేయండి. దసరా దగ్గర పడ్డాక మాత్రం ఏదీ కదపొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదటిసారి లినక్స్‌కి మారినప్పుడు ఒక ఇంటి ఫుటింగు డ్రాయింగును అక్కడే తెరిచి, అక్కడే ప్రింటు తీసి పంపాను. స్క్రీన్ మీద గీతలన్నీ బాగానే ఉన్నాయి. కానీ పాత సిస్టమ్‌లో ఉన్న ఎస్‌హెచ్ఎక్స్ ఫాంటు (ఆటోక్యాడ్ సొంత రకం ఫాంటు) కొత్తదాంట్లో లేదు. దాని బదులు వేరే ఫాంటు వచ్చి అక్షరాలు వెడల్పయ్యాయి. కడ్డీల మధ్య దూరం రాసిన అంకె పక్కనున్న గీతల మీదికి ఎక్కింది. కడ్డీ సైజు పక్కన వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పడింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఫోన్ చేసి, "బాబూ, ఇది ఆరంగుళాలా, ఎనిమిదంగుళాలా? మావోళ్ళు ఎనిమిదికి కట్టేసారు" అన్నాడు. అది ఆరు. కాంక్రీటు పోయకముందే అడిగాడు కాబట్టి కడ్డీలు విప్పి మళ్ళీ కట్టాం. ఆ మేస్త్రికి అనుమానం రాకపోయి ఉంటే ఆ ఇంటి పునాదిలో ఏం ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. "ఫైలు తెరుచుకుందా" అని చూసుకుంటే చాలదు, "అంకెలన్నీ అలాగే ఉన్నాయా" అని చూసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేరు ఎక్కడ నడుస్తుంది

మనలో ఎక్కువమంది ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. ఒకప్పుడు యూనిక్స్ మీద కూడా ఉండేది, 13వ విడుదలతో అది ఆగిపోయింది. లినక్స్‌కి ఆటోక్యాడ్ లేదు. మ్యాక్‌కి మధ్యలో చాలా ఏళ్ళు ఆపి, 2010లో మళ్ళీ ఇచ్చారు. ఎం1, ఎం2 చిప్పులున్న మ్యాకుల మీద సొంతంగా నడిచేది 2024 వెర్షన్ నుంచి. అయితే మ్యాక్ ఆటోక్యాడ్, విండోస్ ఆటోక్యాడ్ అచ్చం ఒకటి కావు. వీబీఏ మ్యాక్రోలు (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) మ్యాక్‌ దాంట్లో లేవు. విండోస్‌కే చెందిన యాక్టివ్‌ఎక్స్ మీద ఆధారపడిన లిస్పులు (అవీ అలాంటి చిన్న ప్రోగ్రాములే) నడవవు. మనలో చాలామంది గదుల విస్తీర్ణం రాయడానికి, కాలమ్ పట్టిక వేయడానికి ఎవరో ఇచ్చిన చిన్న లిస్పులు వాడతాం. వాటిని ఒక్కొక్కటిగా నడిపి చూశాకే డబ్బు కట్టండి. రెవిట్, స్టాడ్ ప్రో, సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే పరిమితం. స్కెచప్‌కి విండోస్, మ్యాక్ ఉన్నాయి, లినక్స్ లేదు.

లినక్స్‌లో డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగు ఫైలు) మీద నేరుగా, వృత్తిగా పని చేయాలంటే నా ఓటు బ్రిక్స్‌క్యాడ్‌కి. బెల్జియం వాళ్ళది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ వస్తుంది, కమాండ్లు మన చేతికి అలవాటైనవే. జర్మనీ వాళ్ళ ఏరిస్ కమాండర్ కూడా ఉంది. రెండూ కొనాల్సినవే, రెండూ ముందు కొన్నాళ్ళు ఉచితంగా చూడనిస్తాయి. డ్రాఫ్ట్‌సైట్ ఉచితం కదా అని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ ఉచిత వెర్షన్ 2019 చివరితో ముగిసింది.

లిబ్రెక్యాడ్ ఉచితం, తేలిక. ప్లాట్ కొలతలు చూసుకోవడానికి, చిన్న స్కెచ్ గీయడానికి నాకు ఇష్టం. కానీ అది ప్రధానంగా డీఎక్స్ఎఫ్ (సాఫ్ట్‌వేర్ల మధ్య డ్రాయింగు మార్చుకునే ఫైలు రకం) సాఫ్ట్‌వేరు. మీ పాత డ్రాయింగులో డైనమిక్ బ్లాకులు (సైజు మార్చుకోగల రెడీమేడ్ బొమ్మలు), లేఅవుట్ షీట్లు (ప్రింటుకి అమర్చిన షీట్లు) ఉంటే అవి దాని గుండా వెళ్ళి తిరిగొచ్చేసరికి అలాగే ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0కి చేరింది. యంత్ర భాగాలు, గేట్లు, ట్రస్సులు త్రీడీలో గీసేవాళ్ళకు బాగా పనికొస్తుంది. డీడబ్ల్యూజీ తెరవాలంటే మాత్రం దానికి ఓడీఏ ఫైల్ కన్వర్టర్ లాంటిది తోడు కావాలి. ఆ కన్వర్టర్ ఉచితమే, మూడు సిస్టమ్‌లకూ దొరుకుతుంది.

వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపే సాఫ్ట్‌వేరు) పెట్టి లినక్స్‌లోనే విండోస్ ఆటోక్యాడ్ నడిపేద్దామని కుర్రాళ్ళు ఉత్సాహపడతారు. నేర్చుకోవడానికైతే ప్రయత్నించండి. డెలివరీ ఉన్న పనిని దాని మీద పెట్టకండి. కొత్త వెర్షన్లు డాట్‌నెట్ మీద, లైసెన్సు సర్వీసు మీద ఎంతగా ఆధారపడ్డాయంటే, ఒకరోజు తెరుచుకున్నది ఇంకో అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోవచ్చు. వర్చువల్ మెషీన్, అంటే లినక్స్ లోపలే ఇంకో విండోస్ నడపడం, అంతకన్నా నమ్మకం, కానీ దానికి మెమరీ కావాలి. ఎనిమిది జీబీ ఉన్న కంప్యూటర్‌ని రెండు ముక్కలు చేస్తే రెండు సిస్టమ్‌లూ ఈడుస్తాయి. పదహారు ఉంటేనే ఆ దారి ఎంచుకోండి. పైగా లోపల నడిచేది కూడా విండోసే, దానికీ లైసెన్సు కావాలి, దానికీ అప్‌డేట్లు కావాలి.

ఎం సిరీస్ మ్యాకుల్లో బూట్ క్యాంప్ (మ్యాక్‌లో విండోస్ వేసుకునే ఏర్పాటు) లేదు. "మ్యాక్‌లోనే విండోస్ వేసి ఇస్తాం" అని షాపులో ఎవరన్నా చెబితే ఎలా వేస్తారో, మీ సాఫ్ట్‌వేరు దాని మీద నడుస్తుందో అక్కడే తెరిపించి చూశాక డబ్బు ఇవ్వండి.

ఫైళ్ళు కదిపే ముందు

పాత కంప్యూటర్ బాగున్నప్పుడే ఇవి చేసుకోవాలి. ముగిసిపోయిన పాత పనులు సరే, చేతిలో నడుస్తున్న ప్రతి పనినీ తెరిచి ఆడిట్ (ఫైలులో తప్పులు సరిచేసే కమాండు), పర్జ్ (వాడనివి తీసేసే కమాండు) చేయండి. తర్వాత ఈట్రాన్స్‌మిట్‌తో ప్యాకేజీ కట్టండి. అందులో ఫాంట్లు కూడా చేర్చమనే టిక్కు విడిగా ఉంటుంది, దాన్ని మరిచిపోతారు. ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగుకి జోడించిన వేరే డ్రాయింగు ఫైళ్ళు), సీటీబీ ఫైళ్ళు (ప్రింటులో గీతల మందం, రంగు చెప్పేవి), లోగో బొమ్మలు అన్నీ ఒకే మూటలో వస్తాయి. సివిల్ త్రీడీలోనో ఆర్కిటెక్చర్ వెర్షన్‌లోనో గీసిన ఫైళ్ళుంటే, గోడలు, రోడ్డు గీతలు వేరే సాఫ్ట్‌వేరులో ప్రాక్సీలుగా మాత్రమే కనిపిస్తాయి, దిద్దడానికి రావు. వాటిని మామూలు ఆటోక్యాడ్ గీతలుగా ఎగుమతి చేసుకుని పెట్టుకోండి.

డీడబ్ల్యూజీ ఏ కాలం నాటిదో తెలియకపోతే ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా గజిబిజిగా ఉన్నా మొదటి ఆరు అక్షరాలు చదవొచ్చు. ఏసీ1032 అంటే 2018 ఫార్మాట్, ఏసీ1027 అంటే 2013, ఏసీ1024 అంటే 2010. కొత్త సాఫ్ట్‌వేరు ఏది చదవలేదో అప్పుడే తేలిపోతుంది. ఆ తెరిచిన ఫైలుని నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం చేయకండి.

ఎక్స్‌రెఫ్ దారులు ఇంకో ఉచ్చు. విండోస్‌కి పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. లినక్స్ రెండింటినీ వేరు ఫైళ్ళుగా చూస్తుంది. డి డ్రైవ్ అనే మాటే అక్కడ లేదు. కాబట్టి ఎక్స్‌రెఫ్‌లన్నిటికీ పూర్తి దారి తీసేసి రిలేటివ్ దారి (డ్రాయింగు ఉన్న ఫోల్డరు నుంచి లెక్కపెట్టేది) పెట్టండి. ఫైలు పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచండి.

మూడు లిపుల సమస్య

ఇది మన సరిహద్దు వాళ్ళకే ఉన్న తంటా, ఇంకెక్కడా ఎవరూ మనకోసం రాసిపెట్టరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం అటు ఉంది. మన డ్రాయింగులో మునిసిపాలిటీకి ఒడియా, ఇంటివాళ్ళకి తెలుగు, ఇంజినీరుకి ఇంగ్లీషు. విండోస్‌లో తెలుగు, ఒడియా రెండూ చూపించే నిర్మల ఫాంటు దానితోనే వచ్చేస్తుంది కాబట్టి ఎన్నడూ పట్టించుకోలేదు. లినక్స్‌లో అది ఉండదు. నోటో, లోహిత్ కుటుంబాల తెలుగు, ఒడియా ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, ముందే వేసుకోండి. వేసుకున్నాక ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయో అక్షరం అక్షరం చూడండి. బ్రౌజర్‌లో చక్కగా కనిపించిన తెలుగు క్యాడ్ తెరలో విడిపోవచ్చు.

అసలు ప్రమాదం పాత డీటీపీ ఫాంట్లతో. అను, ఆకృతి లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతో రాసిన టైటిల్ బ్లాకులు ఫాంటు లేని చోట పిచ్చి అక్షరాలుగా మారిపోతాయి. వాటిని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయండి. అంత తీరిక లేకపోతే పాత సిస్టమ్‌లోనే ఆ షీట్లను పీడీఎఫ్‌గా తీసి దాచుకోండి. భూమి లెక్క దగ్గర ఒక మాట: ఒడిశా పట్టాలో డిసిమిల్, ఆంధ్ర దస్తావేజులో సెంటు, రెండూ ఎకరంలో నూరో వంతే, అంటే 435.6 చదరపు అడుగులు. ఆ అంకె రాసిన అక్షరాలు చెదిరితే గొడవ ఆఫీసు దాకా వస్తుంది.

కొలత పరీక్ష

పూర్తయిపోయిన ఒక పాత పనిని తీసుకోండి, మీకు ప్రతి గీతా తెలిసినది. దాన్ని కొత్త సిస్టమ్‌లో తెరిచి, పాత పీడీఎఫ్ పక్కన పెట్టి చూడండి. పది కొలతలు రెండుచోట్లా తీయండి. గోడ పొడవులు, మెట్ల ఎత్తు, ప్లాట్ మూలనుంచి మూలకి. యూనిట్లు అంగుళాలా, మిల్లీమీటర్లా అని ఫైలులో పెట్టిన సెట్టింగు చూడండి. అది తేడాగా ఉంటే మీరు చొప్పించిన తలుపు బ్లాకు 25.4 రెట్లు పెద్దదవుతుంది, లేదా చుక్కంత చిన్నదవుతుంది. పెద్దదైతే కంటికి కనిపిస్తుంది, చుక్కలా మూల పడి ఉన్నదే తప్పించుకుంటుంది.

ప్రింటుకి ప్రతి షీటు మూలలో వంద మిల్లీమీటర్ల గీత ఒకటి పెట్టండి. కాగితం బయటికొచ్చాక స్కేలు పెట్టి కొలవండి. జిరాక్స్ షాపులో పీడీఎఫ్ తెరవగానే పేజీకి సరిపెట్టమనే ఆప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్‌లో ఉంటుంది, ఏ నూటికి తొంభై అయిదు సైజుకో తగ్గి వస్తుంది. మేస్త్రి కాగితం మీద స్కేలు పెట్టి కొలిచే రకమైతే ఆ అయిదు శాతం పిల్లరు గుంతలోకి దిగుతుంది. ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టే ఫైళ్ళలో లేయర్ల పేర్లు, రంగులు వాళ్ళు చెప్పినట్టే ఉన్నాయో కూడా కొత్త సిస్టమ్‌లోంచి సేవ్ చేశాక మళ్ళీ చూసుకోండి.

ఒకే డిస్కులో రెండు సిస్టమ్‌లు

పాత విండోస్‌ని ఉంచి పక్కన లినక్స్ వేసుకునేవాళ్ళు మూడు పనులు చేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండిపోయి, లినక్స్ నుంచి ఆ డ్రైవులో ఏమీ రాయనివ్వదు. గడియారం చూసుకోండి. విండోస్ స్థానిక సమయం లెక్కిస్తుంది, లినక్స్ మామూలుగా యూటీసీ (అంతర్జాతీయ సమయం) లెక్కిస్తుంది, దాంతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళినప్పుడల్లా సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వస్తుంది. ఏ ఫైలు కొత్తది, ఏది పాతది అన్న గుర్తే తారుమారవుతుంది.

లైసెన్సు, కరెంటు

ఆటోక్యాడ్ సబ్‌స్క్రిప్షన్ ముప్పై రోజుల్లో ఒక్కసారైనా నెట్‌కి తగిలి లైసెన్సు సరిచూసుకోవాలి. తుపాను హెచ్చరిక వినగానే, నెట్ ఉండగానే, ఒకసారి తెరిచి లాగిన్ అవండి. విద్యార్థులకిచ్చే ఉచిత లైసెన్సుతో డబ్బు తీసుకునే పని చేయకండి. క్రాక్ చేసిన కాపీల జోలికి అసలు వెళ్ళొద్దు. వాటితో వచ్చే వైరస్ మీ ఒక్కరితో ఆగదు, పెన్‌డ్రైవు ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్తుంది.

హెచ్చరిక వచ్చిన రోజు నడుస్తున్న పనుల డీడబ్ల్యూజీ, పీడీఎఫ్ రెండూ ఒక బయటి డిస్కులో వేసి, ప్లాస్టిక్ సంచీలో కట్టి ఇంట్లో ఎత్తైన అటక మీద పెట్టండి. సైటులో పని నడుస్తున్న ఇళ్ళకు ఫుటింగు, పిల్లరు షీట్ల కాగితం ప్రింట్లు ముందే ఇచ్చేయండి. కరెంటు లేని రోజుల్లో మేస్త్రికి ఉపయోగపడేది అదే.

పాత కంప్యూటర్‌ని వెంటనే ఫార్మాట్ కొట్టి ఎవరికీ అమ్మకండి. నెట్ కేబుల్ పీకేసి, ఆ డిస్కు అలాగే ఉంచి, సంక్రాంతి దాకా మూల పెట్టండి. కొత్త సిస్టమ్ మీద కనీసం రెండు ఇళ్ళ పని స్లాబు దాకా వెళ్ళాక, అప్పుడు ఆ డిస్కు ఖాళీ చేయడం గురించి ఆలోచించండి.