వంపును వర్ణించేటప్పుడు దిశను కూడా రాయండి
మొక్కలనో జంతువులనో పరిశీలించి వివరాలు రాసుకునేవారు ఆకారం దగ్గరకు వచ్చేసరికి ‘వంకరగా ఉంది’ అని ముగిస్తుంటారు; ఆ మాట తరువాత చదివేవారికి దాదాపు ఏమీ చెప్పదు. వంపు ఎటువైపు తిరిగిందో ముందుగా రాయడం మంచిది. కర్ల్యూ, అవోసెట్ అనే పక్షులు రెండింటికీ పొడవైన ముక్కు వంపు తిరిగే ఉంటుంది గాని, మొదటిదానిది కిందికి, రెండవదానిది పైకి వంగుతుంది కాబట్టి ఆ ఒక్క వివరంతోనే రెండూ వేరుపడతాయి. ఆకు అంచులు చుట్టుకుని ఉంటే, పైతలం వైపా, అడుగు వైపా అన్నది రాస్తే చాలు.

చుట్టల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫెర్న్ లేత ఆకు దాదాపు ఒకే తలంలో చుట్టుకుని ఉంటుంది గనుక దానిని సర్పిలాకారం అనవచ్చు. దోస నులితీగ మాత్రం స్ప్రింగులా ముందుకు సాగుతూ మెలికలు తిరుగుతుంది. పైగా దాని కొన ఆధారాన్ని పట్టుకున్న తరువాత కొంత భాగం కుడివైపుకూ కొంత భాగం ఎడమవైపుకూ చుట్టుకుని, ఆ తిరుగుడు మారే చోటు మధ్యలో స్పష్టంగా కనిపిస్తుంది (మాటలతో పాటు బొమ్మ కూడా గీసుకోదగిన వివరమిది).

నత్తగుల్లను వర్ణించేటప్పుడు మొనను పైకి, నోటిని (గుల్ల తెరుచుకుని ఉండే రంధ్రాన్ని) మనవైపుకు ఉంచి చూడాలి: నోరు కుడివైపున ఉంటే కుడి చుట్టు, ఎడమవైపున ఉంటే ఎడమ చుట్టు. అత్యధిక జాతులు కుడి చుట్టువే కనుక ఎడమ చుట్టు కనిపిస్తే తప్పక నమోదు చేయాలి, అయితే ఫొటో అద్దంలో ప్రతిబింబంలా తిరగబడలేదని సరిచూసుకున్నాకే.