19వ శతాబ్దపు పియానిస్టుల చేతిరాత స్వరాలు సేకరించడం ఎలా?

వీలైతే ఒట్టి సంతకం కొనకండి. సంతకంతో పాటు రెండు మూడు బార్ల (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాల) సంగీతం కూడా ఉన్న కాగితం దొరికేదాకా ఆగండి. ఆ రోజుల్లో యూరప్ పియానిస్టులు అభిమానుల ఆల్బమ్‌లలో తమ రచనలోంచి ఓ ముక్క రాసి, కింద ఊరు, తేదీ, సంతకం పెట్టేవారు. దాన్నే ఈ వ్యాపారంలో ఆటోగ్రాఫ్ మ్యూజికల్ కొటేషన్ అంటారు.

1. ఒకరిని ఎంచుకోండి. షోపాన్, లిస్ట్‌ల జోలికి మొదట్లోనే వెళ్తే జేబు ఖాళీ. మొషెలెస్, థాల్‌బెర్గ్, హాన్స్ ఫాన్ బ్యూలో లాంటివాళ్లతో మొదలుపెట్టండి.

2. చేతిరాత గుర్తుపట్టడం నేర్చుకోండి. న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీ, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత రాతప్రతుల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టాయి. సంతకం ఎవరైనా ప్రాక్టీస్ చేసి దింపేస్తారు. మీరు ట్రెబుల్ క్లెఫ్ (స్వరలిపి వరుస మొదట్లో వేసే మెలిక గుర్తు) ఎక్కడ మొదలైందో, స్వరాల కాడలు, అంటే స్వరం గుర్తుకు ఉండే నిలువు గీతలు, ఎటు వాలాయో చూడండి. వేగంగా రాసే చేతికి ఉండే ఆ అలవాటును నకలు చేయడం చాలా కష్టం.

3. కాగితం చెప్పే కథ పొసుగుతోందా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. క్లారా షూమన్ పెళ్లి 1840 సెప్టెంబర్ 12న జరిగింది. అంతకుముందు ఆమె క్లారా వీక్. 1838 తేదీ వేసి "క్లారా షూమన్" అని సంతకం ఉంటే అక్కడే ఆపేయండి. చిన్న ఫోటో కార్డులకు పారిస్‌లో పేటెంట్ వచ్చింది 1854లో, షోపాన్ పోయింది 1849లో. ఇక అలాంటి కార్డు మీద ఆయన సంతకం ఎలా వస్తుంది? ఆంటన్ రూబిన్‌స్టైన్ అమెరికా పర్యటన 1872–73లో. న్యూయార్క్ అని రాసి 1865 అని ఉంటే నమ్మొద్దు.

తర్వాత స్వరాలను ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్వరలిపి లైబ్రరీలోని అచ్చు ప్రతితో పోల్చండి. చిన్న తేడాలుంటే కంగారు పడకండి, చాలాసార్లు జ్ఞాపకం మీద రాసేవారు.

4. భూతద్దం పట్టండి. పది రెట్లు పెద్దగా చూపించేది చాలు. కలంతో రాసిన గీత చివర, గీతలు ఒకదాన్నొకటి దాటేచోట సిరా చిక్కగా నిలుస్తుంది. అచ్చు వేసిన నకలులో నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. అతినీలలోహిత టార్చి వేస్తే కాగితం నీలితెలుపుగా మెరిసిందా? అయితే అది దాదాపు 1950 తర్వాతి కాగితం.

5. కొనేటప్పుడు ఇంతకుముందు ఎవరి దగ్గరుందో అడగండి, అసలుదేనన్న గ్యారంటీ రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని దేశాల్లో పాత రాతప్రతులు బయటికి పంపడానికి అనుమతి కావాలి. ఆ బాధ్యత ఎవరిదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

6. దాచడం. సర్టిఫికెట్లకు చేయించినట్టు లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది. ఆనాటి ఇనుప సిరాకు తేమ పడదు, క్రమంగా కాగితాన్నే తినేస్తుంది. అందుకే విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్లు మరింత జాగ్రత్త పడాలి. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్‌లో, పాలిస్టర్ కవర్‌లో పెట్టి, బయటి గోడకు ఆనని బీరువాలో ఉంచండి. పీవీసీ కవర్లు వద్దు. వివరాలు ఫోల్డర్ మీదే, పెన్సిల్‌తో రాయండి.