ఫ్రీ త్రోకి ముందు ఐదు సెకన్లు: బాస్కెట్‌బాల్‌లో సొంత రొటీన్ ఎలా తయారు చేసుకోవాలి?

ప్రాక్టీసులో పది ఫ్రీ త్రోలకి (ఫౌల్ జరిగినప్పుడు లైన్ దగ్గర నిలబడి ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) ఎనిమిది వేసే పిల్లాడు మ్యాచ్‌లో వరసగా రెండూ పోగొడతాడు. బెంగళూరులో కాలేజీ టోర్నమెంట్లు చూసేవాళ్లకి ఇదేం కొత్త కాదు. రింగ్ ఎత్తు అదే 3.05 మీటర్లు, లైన్ నుంచి బోర్డుకి దూరం అదే 4.6 మీటర్లు. కానీ అందరి కళ్లూ తన మీదే ఉండేసరికి, అలవాటైన షాట్‌ని కూడా వాడు ఆలోచించి వేయడం మొదలుపెడతాడు.

అందుకే రొటీన్ కావాలి. షాట్‌కి ముందు, మ్యాచ్‌కి ముందు ప్రతిసారీ ఒకే వరుసలో చేసే నాలుగైదు చిన్న పనులే రొటీన్. వాటిని ఎంత టెన్షన్‌లో ఉన్నా చేయగలిగేంత చిన్నవిగా పెట్టుకోవాలి.

ఫ్రీ త్రోతో మొదలుపెట్టండి

ఆటలో ఎవరూ అడ్డం రాని షాట్ ఇదొక్కటే. మన టోర్నమెంట్లలో నడిచేవి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనలు. రెఫరీ బంతి చేతికిచ్చాక 5 సెకన్లలో వేసేయాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 10 సెకన్లు ఇస్తారు కాబట్టి యూట్యూబ్‌లో చూసింది చూసినట్టు దించేయకండి. 2021 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో స్టార్ ఆటగాడు యానిస్ ఆంటెటోకున్‌పో ఎక్కువసేపు తీసుకుంటున్నాడని ఎదుటి జట్టు అభిమానులు గట్టిగా అంకెలు లెక్కపెట్టేవారు. ఆ సీజన్ ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో 19కి 17 వేసి నోళ్లు మూయించాడనుకోండి, అది వేరే సంగతి.

బంతి చేతికి రాకముందు మాత్రం ఈ గడియారం నడవదు. ఎన్‌బీఏ మాజీ ఆటగాడు స్టీవ్ నాష్ ఆ ఖాళీలోనే బంతి లేకుండా షాట్ వేసినట్టు చేయి ఆడించేవాడు. కెరీర్ మొత్తం మీద అతని ఫ్రీ త్రోలు 90 శాతం పడ్డాయి. మీరూ అప్పుడే అరచేత్తో బూటు అడుగున దుమ్ము తుడుచుకోండి, ఒకసారి చేయి ఆడించండి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదలండి. బంతి అందాక రెండుసార్లు నేలకి కొట్టి, వేళ్లని దాని గీతల మీద సర్దుకుని, రింగ్ మీద ఒకే చోట చూపు నిలిపి వేసేయండి. మంచి షూటర్లు షాట్ మొదలుపెట్టే ముందు చూపుని ఎక్కువసేపు ఒకేచోట నిలుపుతారని కెనడా పరిశోధకురాలు జోన్ వికర్స్ 1990లలోనే గమనించారు. చెట్ల కొమ్మలు కనిపించే పార్కు కోర్టులోనైనా, 2017లో మహిళల ఆసియా కప్ జరిగిన కంఠీరవ ఇండోర్ స్టేడియంలోనైనా చూపు ఆనాల్సింది ఆ ఒక్క చోటే.

ఫ్రెండ్‌ చేతికి ఫోన్ ఇచ్చి టైమ్ చూడమనండి. 4 సెకన్లు దాటితే ఒక డ్రిబుల్ తీసేయండి.

అలసిపోయి ప్రాక్టీస్ చేయండి

నిలబడి వరసగా 50 వేస్తే చేయి తిరుగుతుందేమో గానీ, మ్యాచ్‌లో అలా ఎవరూ వేయనివ్వరు. కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు పరిగెత్తి, ఆయాసపడుతూనే రెండు వేయండి. మళ్లీ పరుగు, మళ్లీ రెండు. పక్కన స్నేహితులు అరుస్తుంటే ఇంకా మంచిది. ఒక నెలపాటు వరుస మార్చొద్దు. ఒక మ్యాచ్ పోయిందని మర్నాడే కొత్త రొటీన్ వెతికేవాళ్లకి ఏదీ అలవాటు కాదు.

మ్యాచ్ రోజుకి రెండు రొటీన్లు

సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గంట ముందు చేరాలన్న ప్లాన్ గాల్లో కలిసిపోతుంది. అందుకే అరగంటది ఒకటి, ఏడెనిమిది నిమిషాలది ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. పొట్టిదాంట్లో నెమ్మదిగా పరుగు, మోకాళ్లు పైకెత్తి నడక, రెండువైపులా లేఅప్‌లు (రింగ్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు), దగ్గర నుంచి కొన్ని షాట్లు, చివర్లో రెండు ఫ్రీ త్రోలు ఉంటే చాలు. కాళ్లు చాపి నిమిషాల తరబడి సాగదీసే స్ట్రెచింగ్ మ్యాచ్ అయ్యాక చేసుకోండి. ముందే చేస్తే ఎగిరే బలం కాసేపు తగ్గుతుంది.

కడుపునిండా తినేది మూడు గంటల ముందే తినేయాలి. ఆకలేస్తే గంట ముందు ఒక అరటిపండు. మసాలా దోసె ఎక్కడికీ పోదు, గెలిచాక తినొచ్చు.

కోర్టులో అడుగుపెడుతూ నేల తాకి కళ్లకద్దుకునే అలవాటుంటే అదే మొదటి మెట్టుగా పెట్టుకోండి, ఏ ఊళ్లోనైనా చేయగలిగేదే కదా. లక్కీ సాక్సు సంగతి అలా కాదు. అమ్మ ఆ పూటే వాటిని ఉతకడానికి వేస్తే మ్యాచ్ మొదలవకముందే సగం ఓడిపోతారు.

బెంచి మీద ఉంటే

కోచ్ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాళ్లు కదుపుతూ ఉండండి, మీరు కాపలా కాయాల్సిన ఆటగాడు ఏ చేత్తో డ్రిబుల్ చేస్తున్నాడో చూడండి. పిలవగానే ఒక్క ఊపిరి వదిలి లేవండి.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. కన్నడ, ఇంగ్లిష్ అరుపుల మధ్య స్టాండ్స్ నుంచి “మోచెయ్యి పైకెత్తరా!” అన్న తెలుగు కేక ఒక్క మీవాడి చెవిలోనే పడుతుంది, సరిగ్గా ఊపిరి వదిలే క్షణంలో. ఆ ఐదు సెకన్లు ఊరుకోండి. మోచెయ్యి సంగతి ఇంటికెళ్లే దారిలో కూడా వద్దు, మర్నాడు ప్రాక్టీసులో కోచ్ చూసుకుంటారు.